ఇనుము ముట్టని రోజు

మురళికి దేవుడితో మాటల్లేవు. తండ్రితో ఉన్నాయి గానీ అవీ మాత్ర వేసుకున్నావా, చలిగా ఉంది కండువా కప్పుకో అన్నంతవరకే.

దేవుడితో తగువు ఎక్కడ వచ్చిందో అతనికి బాగా గుర్తు. శ్రీకాకుళం జిల్లాలో ఒక మూలనున్న కొండ్రపేటలో, వాళ్ళ పొలం గట్టు మీద, పుట్ట దగ్గర. ఆ వైపు రైతులు నాగులచవితికి గుడికి పోరు. ఎవరి పొలానికి వాళ్ళు పోతారు. ఎవరి గట్టు మీది పుట్ట వాళ్ళది. ఇంటి పెద్దకొడుకు ముందుగా పాలు పోసి, ఆ తడిమన్ను వేలితో తీసి ఇంటిల్లిపాది చెవులకీ పెడతాడు. పండగంటే అంతే.

ఆఖరి ఏడు మురళి పాలు పోసి ఊరుకోలేదు. పుట్ట ముందు కూలబడి అడిగాడు. భూమి పోనివ్వకు తండ్రీ అని, సిగ్గు విడిచి, పెళ్ళాం చూస్తుండగా అడిగాడు. అప్పటికే దిగువన ప్రాజెక్టు కట్ట లేచిపోయింది. ఊళ్ళో సగం మంది మంచాలు విప్పి కట్టేసుకున్నారు. అయినా అడిగాడు. నెల తిరక్కుండా కట్టకి మన్ను తక్కువైందని మిషన్ వచ్చింది. దాన్ని నడిపే కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని, ఆ పుట్టని బకెట్‌తో ఒక్క గీకు గీకి లారీలో పోసి, పక్క గట్టుకి పోయాడు. ఆ వెనకే నీళ్ళు వచ్చాయి. మురళి పొలం మునిగింది, మునిగింది కూడా తన పొలం మన్నుతో కట్టిన కట్ట ఆపిన నీళ్ళలోనే.

"పాముకి సెవులుండవంట," అని ఆ తర్వాత చాలాసార్లు అన్నాడు. "ఆ ముక్క ఎవుడైనా ముందే సెప్పుంటే అంతసేపు అడిగీవోణ్ణి కాదు."

జంషెడ్‌పూర్‌లో మేనమామ ఉంటే ఆయన పంచన చేరాడు. తల్లి అమ్మణ్ణి ఊరు వదిలిన ఏడే పోయింది. తండ్రి గణపతిరావునీ, భార్య రోహిణినీ, కూతురు ఉజ్వలనీ తీసుకుని సిద్ధగోరాలో రెండు గదుల ఇంట్లోకి మారాడు. ఒక కంట్రాక్టరు దగ్గర జేసీబీ నేర్చుకున్నాడు. ఏ మిషన్ తన గట్టుని మింగిందో ఆ మిషన్ సీట్లోనే కూచున్నాడు. ఇందులో విడ్డూరమేమీ లేదు. పొలం పోయినవాడు పని అడుక్కునే చోట ఏది ఇస్తే అది చేస్తాడు. కాకపోతే ఒకటి, ఆ రోజు నుంచీ మురళి చెయ్యి మన్ను ముట్టలేదు. రోజంతా మన్ను తవ్వుతాడు, లీవర్లు పట్టుకుని, అద్దాల వెనక. ఇంట్లో తులసికుండీకి మన్ను కావాలంటే రోహిణి తెచ్చుకోవలసిందే. గుడి కనబడితే తల తిప్పుకుంటాడు.

గణపతిరావు దారి వేరు. ఊరు మారిన కొత్తలో ముసలాయనకి కాళ్ళు నిలవక, భుయ్యాడీహ్ వెనక సువర్ణరేఖ నది ఒడ్డంట తెగ తిరిగేవాడు. అలా తిరిగి తిరిగి ఒకనాడు ఒక దిబ్బని కనిపెట్టుకుని వచ్చాడు. నిలువెత్తు ఉంటుంది. పైన గడ్డి, ఒంటి నిండా బొరియలు. "పుట్ట దొరికింది," అని పక్కింటి జగదాంబతో చెప్పాడు. జగదాంబతో చెప్పడమంటే మైకు పట్టుకుని చెప్పడమే. ఆ ఏడు చవితికి సిద్ధగోరా తెలుగువాళ్ళు వచ్చారు. మరుసటేడు కాసిడీహ్ వాళ్ళు వచ్చారు. ఆ తర్వాత టాటానగర్ నుంచి రైల్వేవాళ్ళు ఆటోలు కట్టుకుని మరీ రావడం మొదలుపెట్టారు. అది అచ్చంగా పండగయిపోయింది.

రెండో ఏడు మురళి ఆ పక్కన మిషన్ నిలుపుతూ ఆ దిబ్బ వంక చూశాడు. చూసి నవ్వుకున్నాడు. అది పుట్ట కాదు. స్లాగ్. ఇనుము తీసేశాక కొలిమిలో మిగిలే కిట్టం. ఎప్పుడో ఏ లారీవాడో ఒడ్డున పారబోసిపోతే గడ్డ కట్టింది, గాలికి దుమ్ము పట్టింది, గడ్డి మొలిచింది. ఆ బొరియలు చెదలు తొలిచినవి కావు, వేడికి బుడగలు పగిలినవి. రోజూ స్లాగ్ ఎత్తిపోసేవాడికి ఆ మాత్రం తెలియదా?

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడంలోనే అతనికి సుఖం ఉంది. ఏటా చవితినాడు అంతమంది చెంబులతో వరసకట్టి కొలిమి పెంటకి పాలు పోస్తూ ఉంటే, ఇంట్లో మంచం మీద పడుకుని లోలోపల నవ్వుకునేవాడు. చేదుగా ఉండేది ఆ నవ్వు, అయినా విడిచిపెట్టలేకపోయేవాడు.

ఈ ఏడు దీపావళి వెళ్ళింది. నదిలో దిగి సూర్యుడికి మొక్కే బీహారీల ఛఠ్ పండగ దగ్గర పడింది. ఒడ్డంతా సాపు చేసే పని మురళి కంట్రాక్టరుకే వచ్చింది. సూపర్‌వైజర్ సౌరభ్ పాతికేళ్ళ కుర్రాడు, ఫోను చెవినుంచి దింపడు. ఆ సాయంత్రం దిబ్బ చూపించి, తీసెయ్యాలని చెప్పాడు.

"మురళీ భాయ్, కల్ యే హటానా హై. ఘాట్ కా రాస్తా యహీఁ సే జాయేగా. లైటు బండి కూడా ఇక్కడే నిలబెట్టాలి. సాయంత్రానికల్లా సాఫ్ అయిపోవాలి."

"కల్?" అన్నాడు మురళి. రేపు చవితి.

"హాఁ, కల్. క్యోఁ, కోయీ దిక్కత్?"

"ఇబ్బందేమీ లేదు," అన్నాడు. నిజంగానే, లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. తన పుట్టని వాడెవడో గీకేశాడు. వీళ్ళ పుట్టని తను గీకుతాడు. అప్పుడు అందరికీ లెక్క సరిపోతుంది.

ఇంటికొచ్చేసరికి రోహిణి నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ఉండలు చుడుతోంది. ముసలాయన గోడకి జేరబడి ఉన్నాడు. మురళి చెప్పులు విడుస్తూనే చెప్పేశాడు.

"రేపా దిబ్బ లేపేత్తన్నాం. నేనే."

రోహిణి చేతిలో ఉండ అలాగే ఉండిపోయింది. "ఓలమ్మో! రేపేటి, పండగపూటా?"

"ఛఠ్ ఆళ్ళకీ పండగే."

"పాపా, థోడా రుక్ జావో నా, ఏక్ దిన్," అంది ఉజ్వల పుస్తకంలోంచి తలెత్తి.

"నేనాగితే నా సీట్లో ఇంకోడు కూకుంటాడే, గుంటా. ఆడికి మన చవితేటి తెలుత్తాది? మీరు వచ్చీలోగానే ఊడ్సీసి పోతాడు."

గణపతిరావు ఏమంటాడో అని అందరూ చూశారు. ముసలాయన చిమ్మిలి పళ్ళెం వంక చూస్తూ అన్నాడు:

"రేపు మన్నుకి ఇనుము తగలకూడదురా."

"ఆ ముక్క కంట్రాక్టరుకి సెప్పు."

"నీకు సెప్తన్నాను. సేత్తే సెయ్యి, గానీ మేం వచ్చీదాకా ఆగు."

మురళి చెప్పులు గోడవారకి నెట్టాడు. ఊళ్ళో చవితినాడు నాగలి కట్టరు, పార పట్టరు, కత్తిపీట కూడా ఎత్తరు. అమ్మ ఆనాడు వంకాయని చేత్తో చిదిపి వండేది. ఇనుముతోనే బతికే ఊళ్ళో ఈ పట్టింపొకటి అనుకుని, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు పొద్దున్న ఒడ్డంతా సందడిగా ఉంది. ఛఠ్ మొదటి రోజు, నదిలో ఆడవాళ్ళు తలంటుకుంటున్నారు. కుర్రాళ్ళు వెదుళ్ళు పాతుతున్నారు. మురళి మిషన్ తెచ్చి దిబ్బ ముందు ఆపాడు గానీ బకెట్ ఎత్తలేదు. పొగ తాగాడు. మళ్ళీ తాగాడు. తండ్రి మాట కోసం ఆగుతున్నానని తనకి తను ఒప్పుకోలేదు. వాళ్ళు వచ్చాకనే చెయ్యాలి, వాళ్ళ కళ్ళముందే చెయ్యాలి అనుకున్నాడు.

వాళ్ళు వచ్చారు. పసుపు చీరలు, పాలచెంబులు, చలిమిడి పళ్ళాలు. వెనకాల గణపతిరావు ఉజ్వల భుజం పట్టుకుని నడుస్తున్నాడు. అందరికన్నా ముందు జగదాంబ, యుద్ధానికి వచ్చినట్టు.

"ఒరే మురళీ! దిగు కిందికి."

"తప్పుకో అత్తా. బకెట్ తగుల్తాది."

"తగల్నీ! చవితినాడు పుట్ట తవ్వినోడు ఏటైపోతాడో తెల్సా నీకు?"

"తెల్సు. మా పుట్ట తవ్వినోడు సొంతంగా మిషన్ కొనుక్కున్నాడంట."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. జగదాంబ గిర్రున తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అత్తా, అసలిది పుట్టే కాదు," అన్నాడు మురళి. ఇన్నేళ్ళు దాచుకున్న మాట నోటిదాకా వచ్చాక తియ్యగా ఉంది. "ఇది స్లాగ్. కిట్టం. ప్లాంటు పారబోసిన పెంటకి మీరు పాలు పోత్తన్నారు."

"నోరు పడిపోతాది! నేను కుబుసం సూసినాను ఇక్కడ, నా కళ్ళతో."

"ప్లాస్టిక్ కవరేమో సూసుకో."

అని లీవర్ వంచాడు. బకెట్ పన్ను దిబ్బ పక్కకి ఆనించి, అంటీ అంటనట్టు ఒక్క గీత గీశాడు. మన్ను తెగిన చప్పుడు కాదది. ఇనప్పెట్టె మీద సుత్తి రాసినట్టు కీచుమంది. పైపెచ్చు రాలింది. లోపల నల్లగా, గాజుపెంకులా మెరిసింది.

"అరే, యే తో సచ్‌ముచ్ స్లాగ్ హై," అంది ఉజ్వల.

జగదాంబ చేతిలో చెంబు వంగిపోయి పాలు చీరమీద కారుతున్నాయి, ఆవిడకి తెలియడం లేదు. రైల్వేక్వార్టర్ల నుంచి వచ్చిన ఒక ముసలామె నెమ్మదిగా చెంగు తల మీదికి లాక్కుంది. ఎన్నో ఏళ్ళుగా ఈ ఘడియ కోసం నవ్వు దాచుకున్నాడు మురళి. ఇప్పుడు నవ్వుదామంటే రాలేదు. గాజు వెనకనుంచి చూస్తుంటే వాళ్ళ మొహాలు ఎక్కడో చూసినట్టున్నాయి. ఎక్కడో ఏమిటి, ఆ రోజు గట్టు మీద నిలబడ్డ తన మొహమే అది. అప్పుడు లోపల కూచున్నవాడు వేరు, అంతే.

ఇంజను ఆపేశాడు.

అప్పుడు గణపతిరావు ముందుకొచ్చాడు. రాలిన పెచ్చు వంగి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు తెల్సురా," అన్నాడు.

"ఏటి తెల్సు?"

"ఇది కిట్టమని. పుట్టుకతో రైతునిరా నేను. పుట్టకీ పెంటకీ తేడా తెల్దేటి నాకు?"

మురళి కన్నా ముందు జగదాంబకి నోరు లేచింది. "తెలిసీ? తెలిసీ మా సేత ఇన్నేల్లు పాలు పోయించినావా, ముసిలోడా! నీ దుంప తెగ!"

"మరేడకి ఎల్తావు సెప్పు? టాటానగర్ టేసన్ల పట్టాలకి పోత్తావా పాలు?" అన్నాడు ముసలాయన ఏమాత్రం తొణక్కుండా. "ఊరంతా ఎతికినాను జగదాంబా. నికరమైన పుట్టలున్నాయి, లేకేటి. ఒకటి ఎవులిదో ప్రహరీలో ఉన్నాది, వాచ్‌మేన్ తరిమినాడు. ఇంకోటి రోడ్డు ఎయ్యడానికి గీతలు గీసినకాడ ఉన్నాది. దీన్నొక్కదాన్నీ ఎవుడూ టేపెట్టి కొలవలేదు. ఎవుడికీ అక్కర్లేనిది. మనకి ఇదే నయమనుకున్నాను. పిల్లల్ని నిలబెట్టి ఇదిగో, ఇలా మొక్కాల అని సెప్పడానికి ఏదో ఒకచోటు కావాల గదా."

జగదాంబ చీరమీది పాలు దులుపుకుంది. "ఆ ముక్క ముందే ఏడవొచ్చు గదా," అంది చివరికి, మెల్లగా.

ముసలాయన కొడుకు వైపు తిరిగాడు. "పుట్టని కదపాలొత్తే దానికో మర్యాదుంది. పెద్దకొడుకు చేత్తో మన్ను తీసి కొత్తసోట పెడతాడు. మీ తాత గట్టు మార్సినప్పుడు నేనే తీసినాను. మన గట్టు పోయిన్నాడు నీకా అవకాశం ఇయ్యలేదు ఆళ్ళు. ఇప్పుడు తియ్యి."

"ఇందులో మన్నెక్కడుంది నానా? అంతా కిట్టమే గదా."

"పైన గడ్డెలా మొలిసిందిరా మరి? ఉన్నకాడికి తియ్యి. ఇనుము ముట్టకుండా, చేత్తో. మన్నంతా పోయినాక మిగిలింది కిట్టం. కిట్టాన్ని బకెట్ ముట్టుకుంటే ఇనుముని ఇనుము ముట్టుకున్నట్టు. దానికి తప్పులేదు."

ఈలోగా సౌరభ్ పరిగెత్తుకొచ్చాడు. ఇంజను ఎందుకు ఆగింది, ఇంతమంది ఎవరు, చాచా ఏమంటున్నాడు? ఉజ్వల హిందీలో చెప్పింది. సౌరభ్ విని, తల గోక్కుని, నది వైపు చూశాడు. వాళ్ళమ్మ కూడా ఆ పూటే ఉపవాసం పట్టిందట. ఇంట్లో నాలుగు రోజులూ ఉల్లిపాయ పొట్టు కూడా కనబడకూడదట.

"ఠీక్ హై," అన్నాడు. "మధ్యాహ్నం వరకూ టైము. ఉస్కే బాద్ మేరీ నౌకరీ జాయేగీ, భాయ్, నీ ఒక్కడిదే కాదు."

మురళి సీటు దిగాడు. అందరూ దారి ఇచ్చారు. దిబ్బ ముందు నిలబడ్డాడు గానీ చెయ్యి ముందుకు పోలేదు. చుట్టూ ఇంతమంది ఉన్నారనే కాదు. మన్ను ముట్టుకుంటే లోపల ఏదో తెగుతుందని ఇన్నేళ్ళూ అతనికి భయం. ఆ భయానికే కోపమని పేరు పెట్టుకుని తిరిగాడు.

"కూకో, కూకుని తియ్యి," అన్నాడు తండ్రి. "నిలబడి తీత్తే నడుం పట్టేత్తాది."

కూచున్నాడు. దిబ్బ మొదట్లో, ఏటా పాలు పోసే వైపున, గడ్డి పట్టుకుని లాగాడు. ఊడొచ్చింది. గడ్డివేళ్ళకి మన్ను వేలాడుతోంది. దుమ్ము ఉంటుందనుకున్నాడు. దుమ్ము కాదు. వేళ్ళు పెడితే మణికట్టు దాకా దిగిపోయాయి. నల్లగా, చల్లగా, పిడికిట్లో పడితే ముద్దయ్యి, విప్పితే పొడిపొడిగా విడిపోయే మన్ను. పిడికిలి విప్పి చూశాడు. ఒక ఎర్ర, సన్నటి వానపాము, వేళ్ళ సందున మెలికలు తిరిగింది.

ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తొలకరికి దున్నిన మడి వాసన.

ఇదెక్కడి మన్ను? లారీవాడు పోసింది కిట్టం. అటూ ఇటూ ఎక్కడా ఇలాంటి మన్ను లేదు, ఒడ్డంతా ఇసకా బూడిదే. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఏటా వీళ్ళు పోసిన పాలు, పెట్టిన చలిమిడి, వడపప్పు, అరటిపళ్ళు, పసుపు, బంతిపూలు. వానకి నానాయి, ఎండకి మాగాయి. పురుగు వచ్చింది, ఎర్ర వచ్చింది, గడ్డి వచ్చింది. కిట్టం చుట్టూ మన్ను పుట్టింది. ఏ పొలంనుంచీ తెచ్చింది కాదు, ఎవరిచ్చిందీ కాదు. భూముల్లేని జనం తెలియకుండా చేసుకున్న మన్ను.

"నానా," అన్నాడు. "ఇలగ్రా. సూడు."

ముసలాయన అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపాడు. మళ్ళీ నలిపాడు. కళ్ళు చిట్లించాడు. ఈ సంగతి మాత్రం ఆయనకి తెలియదు.

"ఓర్నీ," అన్నాడు. "చేవ ఉందిరా దీనికి! వంగనారు పెట్టొచ్చు."

మురళికి నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపొచ్చింది. రెంటినీ ఆపుకోలేదు. బురద చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. రోహిణి వచ్చి పక్కన కూచుంది. చెంగు నడుముకి చుట్టి జగదాంబ కూచుంది. చలిమిడి పళ్ళాలు ఖాళీ చేసి అందులోకి మన్ను ఎత్తారు. చెంబులోకి ఎత్తారు. ఆటోడ్రైవర్ తన సీటు కింది గోనెసంచీ తెచ్చాడు. ఎవరూ పార అడగలేదు. గోళ్ళతో, అరచేతులతో, దిబ్బ మొదలంతా బోడి కిట్టం తేలేదాకా గోకి తీశారు.

"మరి యేడ పెట్టాల?" అంది జగదాంబ.

అక్కడ పడింది చిక్కు. ఒకరు గుడి అన్నారు, గుళ్ళో గచ్చు. ఒకరు మా క్వార్టర్ వెనక అన్నారు. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటే? ఎవరి పేరు చెప్పినా ఆ మనిషి కింద నేల మరొకరిది.

ఇందాకట్నుంచీ ఒకాయన ముల్లంగి గంప నేల మీద పెట్టుకుని చూస్తున్నాడు. సోమాయ్ మాఝీ. సంతాల్ ముసలాయన, పైన ఒడ్డు వాలున కూరగాయలు పండిస్తాడు. గణపతిరావు తిరుగుళ్ళలో మొహం ఎరిగినవాడే. గణపతిరావు తన హిందీ అంతా కూడదీసుకుని అతని దగ్గరికి నడిచాడు.

"యే నాగ్ కా మట్టి. థోడా జగా హై?"

లోపల పాముందేమోనని సోమాయ్ సంచీలోకి తొంగి చూశాడు. "నాగ్ అందర్ హై క్యా?"

"నహీఁ. ఆయేగా."

సోమాయ్ బోసినోటితో పెద్దగా నవ్వాడు. పాము వస్తే మంచిదే, ఎలకలు వంగతోట తినేస్తున్నాయి, తెచ్చి పెట్టుకోండి అన్నాడు.

"ఆ నేల నీదేనా?" అని మురళి హిందీలో అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

సోమాయ్ నది వైపు చెయ్యి ఊపాడు. వరదొచ్చిన ఏడు అది తీసుకుంటుంది, తగ్గిన ఏడు ఇచ్చేస్తుంది, మా నాన్న నుంచీ అంతే అన్నాడు. ఏదో ఇరుగింటివాడి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పి, గంప ఎత్తుకుని ముందు నడిచాడు.

తోట చివర, కంచె మూలన, సంచీలూ చెంబులూ పళ్ళాలూ కుమ్మరించారు. మోకాలి ఎత్తు కూడా లేదు. మురళి చుట్టూ చేతులతో అదిమి, పైన వేలితో ఒక రంధ్రం చేశాడు. రోహిణి పాలచెంబు అందించింది. అందరూ అతని వంకే చూస్తున్నారు. ఏం అడగాలో అతనికి తోచలేదు. అడగడానికి ఇప్పుడు ఏమీ లేదు. భూమి రాదు, అమ్మ రాదు, ఊరు నీళ్ళలోంచి లేవదు. ఆ సంగతి దేవుడికీ తెలుసు, తనకీ తెలుసు. ఇన్నాళ్ళూ మాట్లాడకపోవడం మాత్రం తనవైపు నుంచే జరిగిందేమో అనిపించింది.

"వచ్చినాను," అన్నాడు. అంతే అన్నాడు. చేతులు వాటంతటవే కలిశాయి.

పాలు పోశాడు. తడిమన్ను తీసి తండ్రి చెవులకి పెట్టాడు. ముసలాయన కళ్ళు మూసుకుని, తల వంచి, చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. ఉజ్వలకి పెడుతుంటే "పాపా, ఠండా హై!" అని మెలికలు తిరిగింది. సోమాయ్ కూడా గంప దింపి, తన చెవి చూపించాడు. అతనికీ పెట్టాడు.

మధ్యాహ్నం కాకుండానే మురళి తిరిగొచ్చి సీటెక్కాడు. కిట్టం రెండు బకెట్లకి లేచింది. సాయంత్రానికి లైటు బండి వచ్చి అక్కడ నిలబడింది. సౌరభ్ రెండు టీలు తెప్పించి ఒకటి ఇచ్చాడు. ఆ తర్వాత ఛఠ్‌కి వచ్చినవాళ్ళు అక్కడ ఏముండేదో తెలియకుండానే ఆ దారిని నదికి దిగారు.

చవితి మర్నాడు, పంచమినాటి పొద్దున్న, డ్యూటీకి ఇంకా గంటుందనగా మురళి సోమాయ్ తోటకి పోయాడు. ఎందుకు పోతున్నావని రోహిణి అడిగితే ఊరికే అన్నాడు. తండ్రి కూడా కర్ర తీసుకుని వెనకే బయల్దేరాడు. సోమాయ్ అప్పటికే కుండతో నీళ్ళు మోసి ఒక్కొక్క మొక్కకీ పోస్తున్నాడు. పైన చిన్న నీటిగుంట ఉంది, కానీ కాలవ పూడిపోయి నీళ్ళు పక్కకి జారి ఇసకలో ఇంకిపోతున్నాయి. మురళి కాసేపు చూశాడు, చెప్పులు విడిచాడు.

"ఫావ్‌డా దేనా, చాచా," అని పార అడిగాడు.

మొదటి దెబ్బ వంకరగా పడింది. రెండోది కూడా. అరచేతులు లీవర్లకి అలవాటు పడి మెత్తబడ్డాయి. నాలుగైదు దెబ్బలకి నడుం ఎలా వంచాలో గుర్తొచ్చింది, మన్ను ఏ వాలున విసరాలో గుర్తొచ్చింది. గట్టున కూచున్న గణపతిరావు కర్ర ఊపాడు.

"అలా తిన్నగా తీత్తే నీరు ఉరికి కోసేత్తాదిరా. కుడికి తిప్పు."

"కుడికి తిప్పితే చివర మడికి అందదు."

"ఎందుకందదు? అడ్డం కట్టెయ్యి మధ్యల."

"అడ్డం కడితే ఈ మడి మురిగిపోద్ది నానా. నువ్వు మాటాడకుండా కూకో."

"నాకు సెప్తాడు! కాలవలు తియ్యడం నీకు నేర్పిందెవుడ్రా?"

"నువ్వు నేర్పినట్టే తీసి, ఆ ఏడు కింద మడి ములగలేదేటి?"

"అది ఎలక బొరియ పెట్టడం వల్లరా!"

"ఆహా, ఎలక! నువ్వేం చేసినా ఎలకే!"

ముసలాయన కర్ర నేలకి కొట్టి లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది, గొంతు లేచింది. సోమాయ్ కుండ దింపి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు, భాష తెలియక కొట్టుకుంటారేమోనని. మురళి చెమట తుడుచుకుని, తండ్రి చూపించిన వైపు ఒక మూరెడు, తను అనుకున్న వైపు ఒక మూరెడు తవ్వి, నీళ్ళు వదిలాడు. ఎటు పోతాయో చూద్దామని ముగ్గురూ వంగి నిలబడ్డారు.